నాలుగు గిన్నెల కారు

కట్టుడు పళ్ల ల్యాబులో కిటికీ పక్క బల్ల,
ఎండలు మొదలైన వారం

బాబాయ్,

ముందు కళ్లజోడు పెట్టుకో, తర్వాత కూర్చో, ఆ తర్వాతే కవరులోంచి ఫోటోలు బయటికి తియ్యి. నిలబడి చూశావంటే పడిపోతావు, పిన్ని నన్ను తిడుతుంది.

నాన్న పనిచేసిన పత్రికవాళ్లు పాత భవనం ఖాళీ చేస్తున్నారట. మెట్ల కింద గదిలో ఐదు రేకు పెట్టెలున్నాయి, వాటి మీద మీ నాన్నగారి పేరుంది, తీసుకెళ్తారా పారేయమంటారా అని ఫోన్ చేశారు. పారేయడమా! చేతిలో ఉన్న కట్టుడు పళ్లు చేతిలోనే పెట్టుకుని పరుగెత్తాను. అక్కడి గుమాస్తా నా చేతిలోని పళ్లు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

పెట్టెల నిండా నెగెటివ్‌లే. తేదీ లేదు, చోటు లేదు. ఎటు చూసినా కార్లు. వీధుల్లో కార్లు, పెట్రోలు బంకుల దగ్గర కార్లు, పందేల్లో కార్లు. మా వీధి చివరి స్టూడియో ఆయనతో మూడు ప్రింట్లు తీయించి నీకు పంపుతున్నాను. ఎప్పటివో నువ్వే చెప్పాలి. మొదటిది మోరిస్ మైనర్ అని నాకూ తెలుసు. అన్నం తినకపోతే సైకిలు మీద రోడ్డుకి తీసుకెళ్లి కారుకో ముద్ద పెట్టి పెంచిన మనిషివి నువ్వే కదా. మిగతావి నీ వంతు.

పెట్టెలు ల్యాబులోనే పెట్టాను. అమ్మకి ఇంకా చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

ఇంకో చిన్న మాట. ఆ రోజుల్లో ఏ కారు చక్రాలకైనా మధ్యలో బిగించే మూతలు, నున్నటి వీల్ క్యాపులు ఉండేవా? అంటే మధ్యలో అక్షరం గానీ గుర్తు గానీ ఏమీ లేకుండా, ఉత్తి మెరుపు మాత్రమే ఉండేవి. ఊరికే అడుగుతున్నాను.

నీ పిచ్చుక


ముందు గది, రేడియో పక్క కుర్చీ,
ఉత్తరం అందిన సాయంత్రమే

పిచ్చుకా,

కూర్చునే చూశాను. అయినా పడిపోయినంత పనైంది. మీ పిన్ని మంచినీళ్లు తెచ్చి, "ఏమైంది, ఎవరైనా పోయారా?" అంది. పోయినవాడు వచ్చాడే అన్నాను. ముప్పై తొమ్మిదేళ్ల తర్వాత మా అన్నయ్య కళ్లతో ఒక వీధి చూశాను తల్లీ! వానకి తడిసిన రోడ్డు, బ్యాంకు మెట్ల మీద గొడుగు దులుపుకుంటున్న పెద్దమనిషి, ఆ గొడుగు నుంచి గాల్లోకి లేచిన చినుకులు ఒక్కొక్కటి విడివిడిగా! ఎలా పట్టాడే అవి?

సరే, పని. మొదటిది మోరిస్ మైనరే, పాసయ్యావు. కానీ ముందు అద్దం చూడు. మధ్యలో నిలువు గీత ఉంది, అంటే రెండు ముక్కల అద్దం. తర్వాత వచ్చినవాటికి ఒకటే అద్దం. దీపాలు చూస్తే ముక్కు పక్కన కింద లేవు, చక్రాల మీది రెక్కలకి ఎక్కాయి. కనుక మరీ మొదటిదీ కాదు, చివరిదీ కాదు. రెండో ఫోటోలో బంకు దగ్గర వీపు చూపిస్తున్నది ఫోక్స్‌వ్యాగన్. దాని వెనక అద్దం కోడిగుడ్డులా ఉంది చూశావా? దానికి ముందువాటికి రెండు ముక్కలుండేవి, తర్వాత వెడల్పు చేశారు. యాక్సిడెంటు కార్లు చూసి ఇన్సూరెన్సు వాళ్లకి రిపోర్టు రాసిన చేతులివి. పగిలిన దీపం ముక్క ఇచ్చినా దాని తాత ముత్తాతల పేర్లు చెప్తాను.

ఇక మూడోది. పందెం ఫోటో. పాత విమానాల మైదానం, గడ్డిమోపులు, వాటి వెనక జనం. కారుతో పాటు కెమెరా తిప్పి తీశాడు. కారు కదలకుండా నిలబడింది, లోకం పరుగెడుతోంది. అది సరే గానీ, ఆ కారు ఏమిటో తెలుసా నీకు? అదే "పేరు లేని కారు"! ప్రతి ఆదివారం ప్రెస్సు మేడ మీద మేము నలుగురం చేరి పాత ఫోటోల్లో కార్లు పోల్చుకుంటామని చెప్పాను కదా. ఎవరో ఒకరు కత్తిరించి తెచ్చిన పేపరు బొమ్మల్లో అది రెండుసార్లు కనబడింది. మసకమసకగా, వెళ్లిపోతూ. ఏ పుస్తకంలోనూ లేదు. మాలో ఒకరైన వకీలు గారు అది ఇటలీ కారని ఒంటికాలి మీద లేస్తారు. కాదని నేను. పదేళ్లుగా ఇదే పంచాయితీ. పదేళ్లూ ఆయన కాఫీ నేను తాగుతున్నాను, నా మాట ఆయన వినడం లేదు.

ఆ పెట్టెల్లో అది కదలకుండా నిలబడిన ఫోటో ఒక్కటుందేమో చూడు తల్లీ. చక్రానికి ఎన్ని నట్లున్నాయో లెక్క తెలిస్తే చాలు. నాలుగైతే మోరిస్ ఇరుసు. ఐదైతే ఎంజీ కారు ఇరుసు. ఒక్క పెద్ద రెక్కల నట్టు మధ్యలో ఉంటే వకీలు గారు గెలిచినట్టు, నేను ఊరు విడిచి వెళ్లిపోతాను. పందెం ఫోటోల్లో చక్రం తిరుగుతూనే ఉంటుంది, నట్లు చక్కెరలా కరిగిపోతాయి.

వీల్ క్యాపుల సంగతి. మోరిస్‌కి మధ్యలో అక్షరం ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్‌కి గుర్తు ఉంటుంది. పేరు వేసుకోకుండా కారు అమ్మేవాడు ఎవడుంటాడే? "ఊరికే" అని రాశావు చూడు, ఆ మాట దగ్గర నీ కలం ఒత్తి ఉంది. ఏమిటి సంగతి?

బాబాయి


అదే బల్ల, గది నిండా పుల్లటి వాసన,
మధ్యాహ్నం

బాబాయ్,

నీ దగ్గర దాచడం నా వల్ల కాదు. చెప్తాను, నవ్వకు.

నాకు నాన్న మొహం తెలియదు. నీకు తెలుసు ఈ సంగతి, కానీ నేనెప్పుడూ నోరు విప్పి అనలేదు. పెళ్లి ఫోటోలు తీసిన స్నేహితుడు రీలు సరిగ్గా ఎక్కించలేదు, ఫోటోగ్రాఫరు పెళ్లికి ఒక్క ఫోటో లేదు అని మీరంతా నవ్వుతూ చెప్పేవారు. కారు నడపడం రానివాడికి లైసెన్సు లేదు, దాని మీద ఫోటో లేదు. పత్రిక కార్డు ఆఫీసువాళ్లు వెనక్కి తీసుకున్నారు. వేలమందిని ఫోటో తీసిన మనిషిది ఇంట్లో ఒక్క ఫోటో లేదు! నాకు ఎనిమిది నెలలప్పుడు నాన్న జ్వరంతో పోయాడు. చిన్నప్పుడు బడిలో అందరూ నాన్నల బొమ్మలు గీస్తే నేను కెమెరా గీశాను. ఇంటికొచ్చి అమ్మని అడిగితే, "మీ నాన్న మొహం కావాలంటే అద్దంలో చూసుకో" అని లోపలికి వెళ్లిపోయింది. ఇంకెప్పుడూ అడగలేదు. అద్దంలో మాత్రం చాలాసార్లు చూసుకున్నాను.

ఇప్పుడు విను. నీకు పంపిన మోరిస్ ఫోటోని నేను పళ్ల గాట్లు చూసే భూతద్దం కింద పెట్టాను. అక్షరం ఎలా చెక్కారో చూద్దామని చక్రం దగ్గరికి వెళ్లాను. అమ్మో బాబాయ్! ఆ వీల్ క్యాపులో వీధి వీధంతా ఉంది. అటు మేడలు, ఇటు మేడలు వంగి, పైన ఆకాశం, దీపస్తంభం, కింద తడి రోడ్డు. ఆ రోడ్డు మధ్యలో ఒక మనిషి. బియ్యపు గింజలో సగం లేడు. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. మొహం ఉండాల్సిన చోట కెమెరా ఉంది.

మా నాన్న! ముప్పై తొమ్మిదేళ్లుగా కారు చక్రంలో నిలబడి ఉన్నాడు. ఆ రాత్రంతా నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

అప్పటి నుంచి ఏ నెగెటివ్ తీసినా ముందు చక్రమే చూస్తున్నాను. ప్రతి దాంట్లోనూ ఉన్నాడు. ప్రతి దాంట్లోనూ కెమెరా మొహానికి అడ్డం. ఎక్కడైనా కాస్త పక్కకి జరిగాడా, సరిగ్గా మొహం మీద మోరిస్ వాడి అక్షరం! ఒకడి పేరు కోసం నా నాన్న మొహం పోయింది. అందుకే అడిగాను, అక్షరం లేని వీల్ క్యాపు ఉందా అని.

రెండో పెట్టెలో చదరపు నెగెటివ్‌లు ఉన్నాయి. అవి రెండు కళ్ల కెమెరాతో తీసినవని స్టూడియో ఆయన చెప్పారు. మెడలో వేసుకుని, ఛాతీ దగ్గర పట్టుకుని, పైనుంచి లోపలికి చూస్తారట. అబ్బ, మొహానికి కెమెరా అడ్డం ఉండదు కదా అని ఎగిరి గంతేశాను. తీరా చూస్తే అన్నిట్లో తల వంచుకుని ఉన్నాడు. పాపిడి మాత్రం కనిపిస్తోంది. మా నాన్న పాపిడి ఎడమ వైపు తీస్తాడు, నాకు తెలిసింది అంతే.

ఇంకో భయం. పెట్టెలు తెరిచిన దగ్గర్నుంచి పుల్లటి వాసన. ఆ ఫిల్ము తనను తాను తినేస్తుందట. అంచులు ముడుచుకుపోతున్నాయి, కొన్ని చుట్టలు అతుక్కుపోయి ఉన్నాయి. అన్నీ ఒకేసారి విప్పితే అన్నీ పోవచ్చు, ఏది ముందో మీరు తేల్చుకోండి అన్నారాయన. ఎలా తేల్చుకోను?

నువ్వు పదమూడేళ్ల వాడివి కదా అప్పటికి. మొహం ఎలా ఉండేది బాబాయ్? ముక్కు నుంచి మొదలుపెట్టి రాయి.

పిచ్చుక


ముందు గది,
నాలుగు రోజులు ఆలోచించాక

పిచ్చుకా,

నవ్వలేదు. పిన్ని చేత చదివించుకుని విన్నాను, నా కళ్లజోడు మసకబారింది.

ఉన్నమాట చెప్తాను. నాకు మొహాలు గుర్తుండవు. పిల్లనిచ్చిన మామగారిని బజారులో పోల్చుకోలేక, ఆయన కారు చూసి నమస్కారం పెట్టినవాణ్ని. అన్నయ్య మొహం గుర్తు తెచ్చుకుందామని నాలుగు రోజులు కళ్లు మూసుకున్నాను. రాలేదే. ఫిల్ము కడిగే మందునీళ్లకి నల్లబడిన బొటనవేలు గోరు వచ్చింది. సైకిలు గంట రెండుసార్లు కొట్టి ఆగి మూడోసారి కొట్టడం వచ్చింది. నన్ను ముందు కూర్చోబెట్టుకుని, ఎదురొచ్చే కారు పేరు నేను ముందు చెప్తే "శభాష్‌రా" అని నా నెత్తి మీద గడ్డం ఆనించేవాడు. ఆ గడ్డం బరువు వచ్చింది. ఎప్పుడూ వెనకాలే కూర్చునేవాడు, నేను ముందుకి చూసేవాణ్ని. ఏం చెప్పను తల్లీ.

కానీ ఒకటి గట్టిగా గుర్తుంది. ఆ రెండు కళ్ల కెమెరా. కార్లు తీసేటప్పుడు నొక్కేదాకా తల ఎత్తేవాడు కాదు. మనుషుల్ని తీసేటప్పుడు అలా కాదు. తల వంచి అంతా సరిచూసుకునేవాడు, తర్వాత తల ఎత్తి, ఎదుటివాళ్ల మొహంలోకి చూసి ఏదో ఒకటి అని నవ్వించి, అప్పుడు నొక్కేవాడు. "కారుకి సిగ్గు లేదురా, మనిషికి ఉంటుంది. మనం చూస్తుంటేనే వాళ్లూ చూస్తారు" అనేవాడు. నన్ను అలాగే తీశాడు. అందుకే నా చిన్నప్పటి ఫోటోలన్నిట్లో నేను కెమెరాకి పైన ఎక్కడో చూస్తూ ఉంటాను. అక్కడ ఉన్నది అన్నయ్య మొహం.

అర్థమైందా? ఉత్తి కార్ల ఫోటోలు వెతికితే లాభం లేదు. మనిషి ఉండాలి, ఆ మనిషి పక్కనే చక్రం ఉండాలి, కెమెరా దగ్గరగా ఉండాలి. చక్రం మీద అక్షరం ఉండకూడదు.

అక్షరం లేని చక్రం నాకు తెలిసి ఒక్కటే. పేరు లేని కారుది. నువ్వు పంపిన ఫోటో మళ్లీ చూడు. చక్రాల మధ్య తెల్లగా మెరుస్తున్నాయే తప్ప మచ్చ కూడా లేదు. ఆ క్యాపులు ఏ కారువో మాత్రం నాకు అంతు పట్టడం లేదు. జీవితంలో మొదటిసారి ఒక ముక్క చూసి దాని ఇంటిపేరు చెప్పలేకపోతున్నాను.

వదినని అడగకూడదా?

బాబాయి


ల్యాబు,
మొదటి వాన పడిన రోజు

బాబాయ్! బాబాయ్! బాబాయ్!

నేను అడగలేదు. అమ్మే వచ్చేసింది. నిన్న తాళాలు ఇంట్లో మర్చిపోయానని తెచ్చి ఇవ్వడానికి ల్యాబుకి వచ్చింది. నేను లోపల మూసలు పోస్తున్నాను. బయటికొచ్చి చూసేసరికి పెట్టెలు తెరిచి ఉన్నాయి, బల్ల నిండా ఫోటోలు ఉన్నాయి, అమ్మ నిలబడి ఉంది. "అమ్మా, అది..." అంటున్నాను.

అమ్మ గోడకి గుచ్చిన పందెం ఫోటో ముందు నిలబడి ఉంది. వేలు పెట్టి చక్రాన్ని చూపించింది.

"ఆ గిన్నెలు నావి" అంది.

"ఏ గిన్నెలు?"

"అవే. నాలుగూ నావే. ఆరు గిన్నెల సెట్టు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో చేరిన కొత్తలో నా డబ్బుతో నేను కొనుక్కున్న మొదటి వస్తువు. మీ నాన్న వంటింట్లోంచి ఎత్తుకెళ్లి, ఆ మెకానిక్ చేత బోర్లించి చక్రాలకి బిగించాడు. మళ్లీ తెచ్చిస్తానన్నాడు. ఇదిగో తెస్తున్నాడు, అదిగో తెస్తున్నాడు."

ముప్పై తొమ్మిదేళ్ల కోపం బాబాయ్! నిన్న తోమి పెట్టినంత తాజాగా ఉంది. నేను నోరెళ్లబెట్టాను. తర్వాత నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం చక్రం వైపు చూస్తూ, "చూడు, ఎలా మెరుస్తున్నాయో. బాగా తోముకున్నాడే" అంది.

నీ పేరు లేని కారు ఇటలీదీ కాదు, ఏదీ కాదు. నాన్నా, ఆయన స్నేహితుడు మెకానిక్కూ కలిసి షెడ్డులో కట్టుకున్నారట. మెకానిక్ నడపడం, నాన్న ఫోటోలు తీయడం. ఎక్కడెక్కడి ముక్కలో తెచ్చి అతికించారని, ఏవి ఎక్కడివో తనకి తెలియదని, తన గిన్నెలు మాత్రం ఎక్కడివో తెలుసని అమ్మ అంది. మిగిలిన రెండు గిన్నెలూ ఇంట్లోనే ఉన్నాయి. చిన్నప్పటి నుంచి నేను పెరుగు తింటున్నది వాటిలోనే. రాత్రి ఇంటికెళ్లి ఒకటి బోర్లించి చూశాను. వంటిల్లంతా అందులో ఉంది, మధ్యలో నేనున్నాను. ఇన్నేళ్లూ తిప్పి చూడలేదు చూడు.

అసలు సంగతి ఇప్పుడు. గిన్నెలు బిగించిన రోజు నాన్న అమ్మని షెడ్డుకి రమ్మన్నాడట. అమ్మ నన్ను ఎత్తుకుని వెళ్లింది. "నాన్న ఫోటో తీశాడా?" అని అడిగాను. "తీసే ఉంటాడు. నేను చూడలేదు, నేను గిన్నెల వైపు చూస్తున్నాను" అంది. అప్పుడు నాకు ఏడో నెల.

అంటే ఉంది బాబాయ్. మనిషి ఉంది, చక్రం ఉంది, అక్షరం లేదు. అతుక్కుపోయిన చుట్టల్లో ఎక్కడో ఉంది. వెలుతురుకి పట్టుకుంటే ప్రతి చుట్టలో పై ఫోటో ఒక్కటే తెలుస్తోంది. ఒక్క చుట్ట విప్పి చూస్తాను, అది నిలబడకపోతే రెండోది ప్రయత్నిస్తానని స్టూడియో ఆయన అంటున్నారు. అన్నిటికీ పై బొమ్మలు ఏమిటో రాసి పంపుతున్నాను. మోరిస్, మోరిస్, పాల వ్యాను, ఎంజీ ఒకటి గుడ్డిది, ఫోక్స్‌వ్యాగన్, లారీ. ఏది విప్పమంటావు?

పిచ్చుక


ప్రెస్సు మేడ మీద గది,
ఆదివారం, అందరి ఎదుట రాస్తున్నది

పిచ్చుకా,

నీ ఉత్తరం పైకి చదివాను. గిన్నెల దగ్గరికి వచ్చేసరికి వకీలు గారు కాఫీ కప్పు కింద పెట్టేశారు. "గిన్నెలా?" అన్నారు. "మా వదిన గిన్నెలు" అన్నాను. తర్వాత, "ఇటలీ వాళ్లకి కూడా తట్టలేదు" అని ఆయనే నవ్వారు. ఈ రోజు కాఫీ నేనే పోయించాను.

గెలిచానని నాకు సంతోషంగా లేదే. నేను హాస్టల్లో ఉన్న ఏడాది మా అన్నయ్య కారు కట్టాడు! సైకిలు తప్ప తొక్కనివాడు, క్లచ్చు ఏ కాలితో నొక్కాలో తెలియనివాడు కారు కట్టాడు, నేను పదేళ్లు దాని ఫోటో చేతిలో పెట్టుకుని ఎవరిదా అని తల బద్దలు కొట్టుకున్నాను. వదినకి ఒక్క చూపు పట్టింది.

ఇప్పుడు పని. నీ ఉత్తరంలో "గుడ్డిది" అన్న మాట చదివి కుర్చీలోంచి లేచాను. ఎంజీకి దీపాలు లేవా? ఖాయంగా లేవా? ఊడదీశారా? పేరు లేని కారుని ఇన్నాళ్లూ ఒక్క కారుగా చూస్తున్నాం, అందుకే చిక్కలేదు. యాక్సిడెంటు అయిన కారులా ముక్కలుగా చూడాల్సింది. ఇవాళ అలా చూశాం. ముందు దీపాలు చూడు. మెరిసే డొప్పలు, రెక్కకీ ముక్కుకీ మధ్య కడ్డీ మీద నిలబడ్డాయి. అవి ఎంజీ దీపాలు తల్లీ! ఒకదాని దీపాలు ఊడాయంటే ఇంకొకదానికి ఎక్కాయన్నమాట. ఆ గుడ్డి ఎంజీ నిలబడిన చోటే షెడ్డు. నలుగురం ఒక్క మాట మీద చెప్తున్నాం, పదేళ్లలో ఇదే మొదటిసారి.

గుడ్డి ఎంజీ చుట్ట విప్పించు. నేను చెప్పింది తప్పైతే నీ ఎదుటికి రాను.

నట్లు కనిపిస్తే లెక్కపెట్టడం మర్చిపోకు.

బాబాయి


ఇంట్లో, వంటింటి బల్ల,
వాన వెలిసిన పొద్దున్న

బాబాయ్,

స్టూడియో ఆయన చుట్టని చల్లటి నీళ్లలో వేసినప్పుడు నేనూ అమ్మా గోడకి ఆనుకుని నిలబడ్డాం. అమ్మ రానంది, మళ్లీ నాకన్నా ముందే చెప్పులు వేసుకుంది. నీళ్లలో ఫిల్ము మెల్లగా విప్పుకుంది. విప్పుకుంటూనే కొన్నిచోట్ల బొమ్మ పొరలా లేచి నీళ్లలోకి తేలిపోయింది. చూస్తుండగానే బూడిదరంగు మేఘాల్లా అయిపోయాయి. ఆయన ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటే ఎత్తారు. పన్నెండింటిలో మూడు నిలిచాయి.

మొదటిది గుడ్డి ఎంజీ. రెండోది సుత్తి భుజాన పెట్టుకుని నవ్వుతున్న మెకానిక్. మూడోది నేను.

నేలమీద గోనెపట్టా వేసి, పేరు లేని కారు ముందు చక్రానికి ఆనించి నన్ను కూర్చోబెట్టారు. పడకుండా పట్టుకున్న అమ్మ చేతులు రెండు కనిపిస్తున్నాయి, అమ్మ లేదు. నాకు జుట్టు లేదు, పళ్లు లేవు, ముక్కు కారుతోంది. కెమెరాకి పైన ఎక్కడో చూస్తున్నాను, నీ చిన్నప్పటి ఫోటోల్లో నువ్వు చూసినట్టే. నోరంతా తెరిచి నవ్వుతున్నాను. నా చెవి పక్కనే అమ్మ గిన్నె ఉంది.

భూతద్దం పెట్టడానికి నాకు చాలాసేపు ధైర్యం చాలలేదు. ఇరవై ఏళ్లుగా రోజూ దాని కింద ఎవరెవరి పళ్లో చూస్తున్నాను, అది ఇంత బరువుంటుందని నాకు తెలియదు.

గొంతుక్కూర్చున్నాడు బాబాయ్. కెమెరా ఛాతీ దగ్గరుంది. తల ఎత్తి ఉన్నాడు.

సన్నటి మొహం. దవడ ఎముకలు తెలుస్తున్నాయి. కనుబొమలు దగ్గరగా ఉన్నాయి. చెవులు కొంచెం బయటికి. పళ్లు లెక్కపెట్టేంత స్పష్టంగా లేదు, నవ్వుతున్నాడని మాత్రం తెలుస్తోంది. అమ్మ అబద్ధం చెప్పింది, అద్దంలో నేను చూసుకున్న మొహం అది కాదు. ముక్కు నాది కాదు, కళ్లు నావి కావు. నేనెప్పుడూ చూడని మనిషి. నాకన్నా పదకొండేళ్లు చిన్నవాడు. ఆ మనిషి నన్ను చూస్తున్నాడు. కెమెరాని కాదు, కారుని కాదు, నన్ను. నేను ఏం చేసినా నవ్వేటట్టు చూస్తున్నాడు. నాకు నాన్న తెలియదనుకున్నాను ఇన్నాళ్లూ. ఇదిగో, తెలుసు. చూసి నవ్వాను. సాక్ష్యం ఉంది.

భూతద్దం అమ్మకిచ్చాను. తీసుకుని వంగింది. ఎంతసేపు ఉండిపోయిందంటే, వేరే కస్టమర్ వస్తే స్టూడియో ఆయన తలుపు దగ్గరే ఆపేసి, తర్వాత రమ్మన్నారు. నేను అమ్మ వీపు మీద చెయ్యి వేశాను. అమ్మ తల ఎత్తకుండానే అంది:

"జుట్టు దువ్వుకోమని చెప్పాను ఆ రోజు."

అంతే. ఇంటికొచ్చాక మిగిలిన రెండు గిన్నెలూ తీసి, బాగా తోమి, నా ముందొకటి తన ముందొకటి పెట్టింది.

పెద్ద ప్రింటు ఒకటి, చక్రం మట్టుకు ఇంకా పెద్దగా తీసిన ప్రింటు ఒకటి నీకు పంపుతున్నాను. అట్ట మధ్యలో పెట్టాను, వంచకు. గిన్నె చుట్టూ నట్లు బ్రహ్మాండంగా కనిపిస్తున్నాయి. ఎన్నో నేను చెప్పను. పదేళ్లు ఎదురుచూశావు, నువ్వే లెక్కపెట్టుకో.

పిచ్చుక


ముందు గది, రేడియో పక్క కుర్చీ,
ఆదివారం

పిచ్చుకా,

పొద్దున్నే అందింది. పిన్ని అట్ట విప్పింది, నేను కళ్లజోడు పెట్టుకున్నాను.

మొహాలు గుర్తుండవన్నాను కదా నీతో. గుర్తు లేకపోవడం కాదే, ఎక్కడో పెట్టి మర్చిపోయానంతే. చూడగానే అంతా ఒక్కసారిగా వచ్చేసింది. కుడి కనుబొమ మీద గాటు, నేను విసిరిన బొంగరం తగిలి పడింది. ఫోటోలో కనబడదు, నాకు కనబడింది. నవ్వే ముందు ఒక్క క్షణం పెదాలు బిగించేవాడు. "ఏరా, ఏ కారురా అది?" అనే గొంతు వచ్చింది. నేను ముందు కూర్చుని ఉన్నాను, ఈసారి వెనక్కి తిరిగి చూశాను. అన్నయ్యా అన్నాను, పైకే అన్నాను. పిన్ని నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

యాభై రెండేళ్ల ముసలాణ్ని, ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాణ్ని పట్టుకుని అన్నయ్యా అని ఏడ్చాను. ఎవరైనా చూస్తే ఏమనుకునేవాళ్లో. వదినకి నా నమస్కారం చెప్పు. ఆవిడ గిన్నెలు నాలుగూ బాకీ ఉన్నాయని నాకు తెలుసు, కొత్త సెట్టు తీసుకుని వచ్చే వారం నేనే వస్తున్నాను.

మధ్యాహ్నం ప్రెస్సు మేడకి పట్టుకెళ్లాను. మూక అంతా చుట్టూ చేరింది. ఫోటో ఒకరి చేతిలోంచి ఒకరికి వెళ్లి మళ్లీ నా దగ్గరికి వచ్చింది. ఎవరికీ ఇవ్వబుద్ధి కాక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చివరికి వకీలు గారు గొంతు సవరించుకుని, మెల్లగా, భయపడుతున్నట్టు అడిగారు.

"ఇంతకీ నట్లు నాలుగా, ఐదా?"

తల్లీ, పొద్దుటి నుంచి ఆ ఫోటో నా చేతిలోనే ఉంది. లెక్కపెట్టలేదు.

బాబాయి